కోర్టుకు సెలవులు సరే.. గెట్టుకు సెలవులు ఉంటయా?



పోస్టు జర పెద్దదే, ఓపికతో చివరిదాకా చదవండి. మే నెల వచ్చే లోపల మన తండాల్లో ప్రతి ఇంటికీ తెలిసి ఉండాల్సిన సంగతి కాబట్టి రాస్తున్నం.

ముందు ఒక ముచ్చట. ఎండాకాలంల మన నారాయణపేట దిక్కు ఒక తండాల జరిగింది. పేర్లు వద్దు. లావణి పట్టా భూమి, మూడెకరాల చిల్లర. ఏండ్ల సంది ఒకటే కుటుంబం దున్నుకుంటున్నది. మే రెండో వారంల ఒక పొద్దున పక్క పట్టాదారు జేసీబీ తెచ్చి గెట్టు చెరిపిండు. మనోళ్లు అడ్డం పోతే "కాగితాలుంటే కోర్టుకు పోండ్రి" అన్నడు. పోయిన్రు. వకీలు సాబ్ ఉన్నమాట చెప్పిండు: "సివిల్ కోర్టుకు వేసవి సెలవులు నడుస్తున్నయి. అర్జెంటు అని పిటిషన్ వేసి వెకేషన్ జడ్జి ముందుకు పోవాలె. పట్టా నకలు, పహాణీలు, ఫొటోలు పట్టుకొని రండ్రి." నకళ్ల కోసం తిరుగుడుకే పది రోజులు పట్టింది. అవి చేతికొచ్చినంక ఖర్చుల పైసలకు తిరుగుడు. ఇంతల జూన్ వచ్చింది, కోర్టు తెరిచిన్రు. అప్పటికే అక్కడ కడీలు పాతి, తీగ గుంజి, పత్తి గింజ కూడా పెట్టిన్రు.

ఇంజంక్షన్ కేసుల కోర్టు అడిగే మొదటి ప్రశ్న "ఈ రోజు భూమి ఎవరి స్వాధీనంల ఉన్నది?" అని. సెలవుల ముందు ఆ ప్రశ్నకు జవాబు మనమే. సెలవులు అయిపోయేసరికి జవాబు మారిపోయింది.

ఆ ఇంటి పెద్దమనిషి మమ్మల్ని ఒక మాట అడిగిండు: "బిడ్డా, ఎండలకు జడ్జి సాబ్‌కు సెలవిచ్చిన్రు, మంచిదే. మరి జేసీబీకి ఎండ తగులతలేదా?"

అప్పుడు మా దగ్గర జవాబు లేకుండె. తర్వాత మాలో లా చదివేటోళ్లు, చదివి ప్రాక్టీసు చేస్తున్నోళ్లు కూసొని మాట్లాడుకున్నం. తెలుసుకున్నది, మా అభిప్రాయం రెండూ కింద పెడుతున్నం.

సెలవుల్లో ఏది నడుస్తది, ఏది నడవది

"కోర్టు బందు" అనే మాట సగమే నిజం. హైకోర్టుకు వేసవిల, దసరాకు, సంక్రాంతికి సెలవులు ఉంటయి. జిల్లాలల్ల సివిల్ కోర్టులకు మే నెలంతా వేసవి సెలవులే. కానీ క్రిమినల్ పని ఆగదు. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టు చేసిన మనిషిని 24 గంటల లోపల మెజిస్ట్రేట్ ముందు పెట్టాలె. ప్రయాణం టైము ఒక్కటే మినహాయింపు. ఆదివారం అని, పండుగ అని మినహాయింపు లేదు. కోర్టు హాలు తాళం వేసి ఉంటే మెజిస్ట్రేట్ ఇంటికైనా తీసుకపోవాలె.

సివిల్ పనికి సెలవుల్లో ఒక వెకేషన్ సివిల్ జడ్జిని పెడతరు. హైకోర్టులో వెకేషన్ బెంచీలు కూసుంటయి. అవీ రోజూ కూసోవు. వారంల ఒక రోజు కేసు దాఖలు, ఇంకో రోజు విచారణ, అట్ల ముందే తేదీలు ప్రకటిస్తరు. ఏం వింటరో కూడా ముందే చెప్తరు: హెబియస్ కార్పస్, ముందస్తు బెయిలు, కింది కోర్టు కాదన్న బెయిలు, సెలవులు అయ్యేదాకా ఆగలేని మిగిలిన అర్జెంటు సంగతులు. ఇవి కాక "హౌస్ మోషన్" అని ఒకటి ఉన్నది. సెలవు రోజున చాలా అర్జెంటు అయితే అనుమతి తీసుకొని జడ్జి ఇంటి దగ్గరనే విచారణ జరిపించుకునుడు. పేపర్లల్ల ఆ మాట మీరు చదివే ఉంటరు. మన తండాల నుంచి హౌస్ మోషన్ దాకా పోయినోళ్లు ఎంతమంది ఉన్నరో మీరే చెప్పండి.

సుప్రీంకోర్టు 2024 నవంబర్‌ల నియమాలు సవరించి "వేసవి సెలవులు" అనే పేరు తీసేసింది. ఇప్పుడు వాటిని "పాక్షిక పని దినాలు" అంటున్నరు. "వెకేషన్ జడ్జి" అనే మాట కూడా తీసేసిన్రు. పేరు మారితే మంచిదే. కానీ నారాయణపేట కోర్టు మెట్ల మీద నిలబడ్డ రైతుకు కావాల్సింది పేరు కాదు, ఆ రోజు తన కాగితం తీసుకునే మనిషి.

జడ్జికి హద్దు ఉండుడు తప్పు కాదు

మాలో కొందరు తమ్ముళ్లు కోపంతోని ఒక మాట అన్నరు: "సెలవుల్లో కూసునే జడ్జికి అన్ని అధికారాలు ఇచ్చేస్తే అయిపోతది కదా?" మేము ఒప్పుకోం. ఎందుకో వినండి.

ఏ జడ్జి ఏ కేసు వినాల్నో జడ్జి సొంతంగా నిర్ణయించుకునేది కాదు. ప్రధాన న్యాయమూర్తి రోస్టర్ వేస్తరు. తనకు అప్పజెప్పని కేసుల జడ్జి ఆర్డర్ ఇస్తే అది చెల్లదని సుప్రీంకోర్టు 1997ల రాజస్థాన్ హైకోర్టు కేసుల స్పష్టంగ చెప్పింది. ఈ హద్దు లేకుంటే ఏమైతదో ఆలోచించండి. మనకు ఎదురున్నోడు పైసలున్నోడు. సెలవుల్లో తనకు అనుకూలం అనుకున్న జడ్జి ఎవరున్నరో చూసుకొని, మనకు నోటీసు కూడా అందకముందే పోయి పూర్తి తీర్పు తెచ్చుకుంటడు. మనం తెలుసుకునేసరికి కేసు ముగిసిపోయి ఉంటది. అందుకే సెలవుల జడ్జి పని కేసు తేల్చుడు కాదు, కోర్టు తెరిచేదాకా ఉన్నది ఉన్నట్టు కాపాడుడు.

దీనికి పెద్ద ఉదాహరణ 1975ది. జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదన్నది. అప్పుడు సుప్రీంకోర్టుకు ఎండాకాలం సెలవులు. వెకేషన్ జడ్జిగా జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఒక్కరే ఉన్నరు. దేశ ప్రధాని అడిగింది పూర్తి స్టే. ఆయన జూన్ 24న షరతుల స్టే ఇచ్చిండు. ప్రధానిగా ఉండొచ్చు, సభల మాట్లాడొచ్చు, కానీ ఎంపీగా ఓటు వేయొద్దు, ఎంపీ జీతం తీసుకోవద్దు అన్నడు. కేసు తేల్చలే, అప్పీలు తేలేదాకా ఏది చేయొచ్చు ఏది చేయొద్దు అన్నంత వరకే చెప్పిండు. తెల్లారి జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ వచ్చింది. ఎంత పెద్ద మనిషి వాకిట్ల నిలబడ్డా తన హద్దు దాటకుండ పని చేసిన సెలవుల జడ్జి ఆయన. మనకు కావాల్సింది అట్లాంటి హద్దే.

కాబట్టి మా మాట ఇది: జడ్జి అధికారం పెంచమని మేము అడుగుతలేం. తలుపు తెరిచి పెట్టమంటున్నం.

"ఆగలేని పని" అంటే ఎవరికి ఆగలేనిది?

అసలు గడబిడ ఆ చివరి ముక్కల ఉన్నది. "సెలవులు అయ్యేదాకా ఆగలేని సంగతులు" అన్నరు. ఏది ఆగలేనిదో ఎవరు చెప్పాలె?

2023 మే నెల గుర్తు తెచ్చుకోండి. వివేకానందరెడ్డి హత్య కేసుల కడప ఎంపీ అవినాశ్ రెడ్డి ముందస్తు బెయిలు పిటిషన్ తెలంగాణ హైకోర్టుల ఉండగనే వేసవి సెలవులు వచ్చినయి. ఆయన వకీళ్లు సుప్రీంకోర్టు దాకా పోయిన్రు. అక్కడి వెకేషన్ బెంచ్ మే 25న ఈ పిటిషన్ వినమని ఇక్కడి వెకేషన్ బెంచ్‌కు చెప్పింది. మే 31న జస్టిస్ ఎం. లక్ష్మణ్ బెయిలు ఇచ్చిండు. ఆ కేసుల తప్పెవరిది, ఒప్పెవరిది అనేది మా ముచ్చట కాదు. ఆ దారి తప్పని కూడా అంటలేం. స్వేచ్ఛ సంగతి సెలవుల్లో వినాల్సిందే. మా ప్రశ్న ఒక్కటే. ఢిల్లీ దాకా పోయి "మా పిటిషన్ వినమని చెప్పండి" అని అడిగే దారి దామరగిద్ద మండలం తండా మనిషికి ఉన్నదా? చట్టంల ఉన్నది. బస్సు కిరాయిల లేదు, వకీలు ఫీజుల లేదు.

ఇంకోటి, ఇది మనసుకు తగిలేది. 2022 అక్టోబర్ 14, శుక్రవారం. బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ ప్రొఫెసర్ సాయిబాబను, ఆయనతో పాటు శిక్ష పడ్డోళ్లను విడుదల చేయమన్నది. సాయిబాబ మన తెలుగాయన, వీల్‌చైర్ల ఉండేటాయన. వాళ్లల్ల ఒక గడ్చిరోలి ఆదివాసీ యువకుడు ఆ తీర్పు చూడకుండనే రెండు నెలల ముందు జైలుల ఉండగా చనిపోయిండు. తెల్లారి శనివారం, సుప్రీంకోర్టుకు సెలవు. అయినా ప్రత్యేక బెంచ్ కూసొని ఆ విడుదలను ఆపింది. 2023 ఏప్రిల్‌ల కేసును మళ్లీ వినమని హైకోర్టుకు పంపింది. హైకోర్టు 2024 మార్చి 5న మళ్లీ నిర్దోషులే అన్నది. సాయిబాబ ఆ అక్టోబర్ 12న హైదరాబాద్‌ల చనిపోయిండు.

సెలవు రోజున కోర్టు కూసునే బలం ఉన్నదని ఆ శనివారం మనకు చూపించింది. కానీ ఆ బలం ఎటు దిక్కు వాడాలె? మా దృష్టిల సెలవు రోజు తలుపు తెరిచేది మళ్లీ తిరిగి రానిదాన్ని కాపాడనీకి. పోయిన ప్రాణం, జైలుల పోయిన రోజులు, కూలిన ఇల్లు, చెరిగిన గెట్టు తిరిగి రావు. జైలుల పెట్టి ఉంచుడు సోమవారం దాకా ఆగొచ్చు, బయటికి వదులుడు ఆగొద్దు.

కోర్టు కాలం వేరు, మన కాలం వేరు

కోర్టు సెలవులు ఎండను చూసి పెట్టినయి. ఇంగ్లీషోళ్ల కాలం నుంచి వచ్చిన అలవాటు. కానీ మన పాలమూరు దిక్కు మే నెల అంటే ఏంది? పుణె, ముంబై వలస పోయినోళ్లు వానల ముందు ఇంటికి చేరుకునే కాలం. పెండ్లిళ్ల కాలం. అన్నిటికంటే ముఖ్యం, రోహిణి కార్తెల దుక్కి దున్ని మృగశిర కోసం ఎదురుచూసే కాలం. గెట్టు పంచాయితీలన్నీ అప్పుడే లేస్తయి. పంట మీద ఉన్నప్పుడు ఎవడూ గెట్టు జరపడు. భూమి ఖాళీగ ఉన్నప్పుడే జరుపుతడు. భూమి ఖాళీగ ఉండే నెల, సివిల్ కోర్టు ఖాళీగ ఉండే నెల ఒకటే కావుడు మన దురదృష్టం. ఎదుటోళ్లకు ఈ లెక్క బాగ తెలుసు.

ఇంకో సంగతి కూడా గుర్తు పెట్టుకోవాలె. మన నారాయణపేట షెడ్యూల్డ్ ఏరియా కాదు. నల్లమల దిక్కు, అమ్రాబాద్ ఏజెన్సీ ఊర్లల్ల ఉన్నట్టు 1/70 చట్టం మన తండాలకు వర్తించదు. మన భూములకు ఉన్న రక్ష 1977 అసైన్డ్ భూముల చట్టం, మామూలు సివిల్ కోర్టు. అంటే సివిల్ కోర్టు మూసి ఉంటే అందరికంటే ఎక్కువ దెబ్బ తగిలేది మనకే. 2019 ఫిబ్రవరి 17న మనకు జిల్లా వచ్చింది. 2022 జూన్ 2న కొత్త జిల్లాల కోర్టులు మొదలైనయి. అంతకు ముందు ప్రతి జిల్లా కోర్టు పనికీ మహబూబ్‌నగర్ పోవాల్సి వచ్చేది. కోర్టు దగ్గరకొచ్చింది, సంతోషం. అది మనకు బాగ అవసరం పడే నెలల కూడా దగ్గర్నే ఉండాలె కదా.

ఆదివారం పొద్దున జేసీబీ

పక్కోడు చేస్తే ఒక తీరు. సర్కారే చేస్తే? 2024 సెప్టెంబర్ 22, ఆదివారం నాడు అమీన్‌పూర్‌ల హైడ్రా ఒక బిల్డింగ్ కూలగొట్టింది. సెప్టెంబర్ 30న జస్టిస్ కె. లక్ష్మణ్ హైడ్రా కమిషనర్‌ను, అక్కడి తహసీల్దార్‌ను నిలదీసిండు: సెలవు రోజుల్ల కూలగొట్టొద్దని ఇదే హైకోర్టు ముందే చెప్పింది కదా, ఆదివారం ఎందుకు పోయిన్రు? ఇది మనకు పనికొచ్చే మాట. కోర్టుకు పోయే దారి లేని రోజు చూసుకొని కూలగొట్టుడు అంటే కోర్టునే పక్కకు నెట్టుడు.

తర్వాత 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు దేశం మొత్తానికి చెప్పింది: ఇల్లు కూలగొట్టే ముందు కనీసం 15 రోజుల నోటీసు ఇయ్యాలె, మనిషి జవాబు వినాలె. రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క, చెరువు, నది లాంటి చోట్ల ఆక్రమణలకు, కోర్టే కూలగొట్టమన్న వాటికి ఈ రక్ష లేదన్నది. మన తండా ఇండ్లకు ఈ తీర్పు పెద్ద ఆసరా. అయితే ఒక సందు ఉన్నది. ఏప్రిల్ ఆఖరుల నోటీసు ఇస్తే 15 రోజులు మే నడుమ అయిపోతయి. నోటీసు చట్టం ప్రకారమే ఇచ్చినట్టు అయితది, కోర్టు మాత్రం సగమే తెరిచి ఉంటది.

మేము అడిగేది

1. ఎస్సీ, ఎస్టీలను ఇంటి నుంచి, సాగు భూమి నుంచి వెళ్లగొట్టే సంగతి ఏదైనా "ఆగలేని పని" కింద సెలవుల నోటిఫికేషన్‌ల పేరు పెట్టి రాయాలె. జడ్జి చేసేది ఒక్కటే: కోర్టు తెరిచేదాకా ఎవరూ ఏదీ మార్చొద్దు అనే ఆర్డర్.

2. కోర్టు సెలవుల్ల సర్కారు కూల్చివేతలు, ఖాళీ చేయించుడు పెట్టొద్దు. కోర్టు ఆగితే జేసీబీ కూడా ఆగాలె.

3. వెకేషన్ జడ్జి ఎవరు, ఎక్కడ, ఏ రోజు కూసుంటరు అనేది తెలుగుల రాసి ప్రతి గ్రామ పంచాయతీ బోర్డుకు అతికించాలె. 2018 చట్టంతోని మన తండాలు పంచాయతీలు అయినయి కదా, ఆ బోర్డులు గోడకు ఊరికే ఉన్నయి.

4. అట్రాసిటీ కేసుల నిందితుడి బెయిలు సెలవుల్ల విన్నా సరే, బాధితులకు నోటీసు తప్పకుండ ఇయ్యాలె. 15ఎ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. అది తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2021ల చెప్పింది. "సెలవులు, అర్జెంటు" అని ఆ నోటీసు దాటేయొద్దు.

మనం చేసుకోవాల్సింది

అడిగినవి వచ్చేదాకా చేతులు ముడుచుకొని కూసోలేం. ఇవి మాత్రం ఇప్పుడే చేసుకోవచ్చు:

గెట్టు గొడవ ఉన్నోళ్లు ఏప్రిల్ నెలలనే కేవియట్ వేయండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఎ. అది 90 రోజులు నడుస్తది. అది ఉంటే ఎదుటోడు సెలవుల్ల మనకు తెలవకుండ స్టే తెచ్చుకోలేడు.

పట్టా నకలు, పహాణీ, పాస్‌బుక్కు కాపీలు మార్చిలనే తీసి పెట్టుకోండి. గెట్టు ఫొటోలు తేదీ కనపడేటట్టు తీయండి.

తహసీల్దార్ మీద, సర్కారు మీద కేసుకు రెండు నెలల ముందు నోటీసు ఇయ్యాలని అంటరు. నిజమే. కానీ 80(2) కింద అర్జెంటు అయితే కోర్టు అనుమతితోని నోటీసు లేకుండనే వేయొచ్చు.

సెలవుల్ల భూమి గుంజుకున్నరా? స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల లోపల కేసు వేస్తే హక్కు కాగితాల జోలికి పోకుండనే స్వాధీనం వాపసు అడగొచ్చు. సర్కారు మీద ఇది నడవది. ఆరు నెలలు దాటనీయకండి.

కేసు వేసే ఆఖరి తేదీ సెలవుల్ల పడితే భయపడకండి, కోర్టు తెరిచిన మొదటి రోజు వేయొచ్చు. లిమిటేషన్ చట్టం 4వ సెక్షన్. కానీ జైలు లెక్క అట్ల కాదు. కేసును బట్టి 60 లేక 90 రోజుల్ల పోలీసులు చార్జిషీట్ వేయకుంటే బెయిలు హక్కు వస్తది. ఈ లెక్క సెలవులకు ఆగదు. కరోనా లాక్‌డౌన్‌ల కూడా ఆగలేదని సుప్రీంకోర్టు 2020ల తేల్చింది. రిమాండ్ చేసిన రోజు కూడా లెక్కలకు వస్తది. అయితే అడిగితేనే వస్తది. చార్జిషీట్ పడకముందే పిటిషన్ వేయాలె.

ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండ ఉచిత న్యాయ సహాయం చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి, 15100కు ఫోన్ చేయండి. బిచ్చం అడుగుతున్నట్టు కాదు, హక్కు అడుగుతున్నట్టు మాట్లాడండి.

చివరి మాట

జడ్జీలు సెలవు తీసుకుంటే మాకు కోపం లేదు. వాళ్లూ మనుషులే, సెలవుల్ల తీర్పులు రాసుకునేటోళ్లు, చదువుకునేటోళ్లు ఉన్నరు. సెలవుల జడ్జికి హద్దు ఉండాల్నని కూడా ఈ పోస్టులనే రాసినం. ఆ హద్దు మనల్ని కూడా కాపాడుతది. కానీ హద్దు జడ్జి చేసే పనికి ఉండాలె, వాకిట్లకు వచ్చే మనిషికి కాదు.

మన దగ్గర లా చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇప్పుడు తక్కువేం లేరు. ఈ ఏప్రిల్‌ల ఒక ఆదివారం, తండాకు ఇద్దరు చొప్పున పోయి, పెద్దమనుషులను కూసోబెట్టి, పై సంగతులు మన గోర్ బోలీల చెప్పుదాం. ఏ తండాకు ఎవరు పోతరో కింద పేరు రాయండి. ఆ పెద్దమనిషి అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు మా దగ్గర ఇప్పటికీ లేదు. కానీ వచ్చే మే నెలల ఇంకో తండా పెద్దమనిషి అదే ప్రశ్న అడిగే అవసరం రాకుండ చూసుడు మన చేతుల ఉన్నది.

జై సేవాలాల్! జై భీమ్!